దేవుని పక్షాన అబద్ధం అక్కర్లేదు: మాలేరి ఎముకల సాక్ష్యము



ఈ వారం ఒక జంతువు గురించి రాస్తున్నాను. పేరు పారాసూకస్. ఇప్పుడది భూమ్మీద ఎక్కడా లేదు. బైబిల్లో దాని పేరూ లేదు. మరి పాస్టరుగారికి దానితో ఏం పని అంటారేమో. పని ఉంది. మన వాట్సాప్ గ్రూపుల్లో, యూత్ మీటింగుల్లో, కొన్ని కన్వెన్షన్ స్టేజీల మీద ఒక పాపం జరుగుతోంది. అది దేవుని పేరట జరుగుతోంది కాబట్టి దాన్ని పాపమని ఎవరూ అనడం లేదు. పైగా చప్పట్లు, హల్లెలూయలు. ఆ పాపం పేరు అబద్ధ సాక్ష్యము. పది ఆజ్ఞలలో తొమ్మిదవది.

నేను వింటున్న మాటలు మూడు. మొదటిది: రాక్షస బల్లులూ లేవు, పాతకాలపు జంతువులూ లేవు, ఆ ఎముకలన్నీ నాస్తికులు ప్లాస్టరుతో చేయించినవి. రెండోది: ఎముకలు నిజమేగాని, మనల్ని మోసం చేయడానికి సాతాను వాటిని భూమిలో పెట్టాడు. మూడోది: ఫలానా చోట తవ్వితే ఆదికాండము ఆరో అధ్యాయంలోని నెఫీలుల అస్థిపంజరం బయటపడింది, సైంటిస్టులు దాచేశారు, పదిమందికి పంపండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిజం కాదు. ఈ మాట అన్యులు మనకు చెప్పేదాకా ఎందుకు ఆగాలి? మన ఇంటి తప్పును మనమే సరిదిద్దుకుందాం.

ఆ ఎముకలు ఎక్కడో అమెరికాలో మాత్రమే దొరికినవి కావు. మన తెలుగు నేలలో దొరికాయి. ప్రాణహిత, గోదావరి నదుల లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లాలో మాలేరి అనే ఊరుంది. అక్కడి ఎర్రటి మట్టిరాళ్ళ పొరలకు ఆ ఊరి పేరే పెట్టి ప్రపంచమంతా మాలేరి ఫార్మేషన్ అని పిలుస్తుంది. మన పిల్లలు పుస్తకంలో జర్మనీ పేరు చదివినట్టే, జర్మనీలో ఈ శాస్త్రం చదివేవాళ్ళు మాలేరి పేరు చదువుతారు. ఆ రాళ్ళలో దొరికినదే పారాసూకస్.

చూపుకు అది అచ్చం మొసలి. సన్నటి పొడవాటి మూతి, పదునైన పళ్ళు, నాలుగు కాళ్ళు, బారు తోక, వీపు మీద ఎముక పలకల కవచం. పేరుకు అర్థం కూడా మొసలికి దగ్గరిది అనే. అయినా అది మొసలి కాదు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి చివర ఉంటాయి. నీళ్ళలో ఒళ్ళంతా దాచుకుని ఆ చివర మాత్రం పైకి పెట్టి ఊపిరి తీసుకుంటుంది. పారాసూకస్‌కు ఆ రంధ్రాలు మూతి చివర నుంచి బాగా వెనక్కి, కళ్ళ వైపుకు జరిగి, పైభాగాన ఉన్నాయి. ఇలాంటి జంతువుల గుంపును ఫైటోసార్లు అంటారు. మొసళ్ళు వాటి సంతానం కావు. నదిలో దాక్కుని వేటాడే బతుకు ఒకటే కాబట్టి రెండింటి ఆకారమూ ఒకేలా తయారైందని చదివినవాళ్ళు చెబుతారు. అవి బతికిన కాలాన్ని ట్రయాసిక్ యుగం చివరి భాగం అంటారు. అంటే ఇరవై కోట్ల ఏళ్ళకు పైమాట.

ఆ లెక్క గాలిలోంచి తీసిన లెక్క కాదు. అదే కాలపు పొరల్లో, వేరే దేశాల్లో, అగ్నిపర్వతపు బూడిద కలిసిన చోట్ల జిర్కాన్ అనే సన్నటి రేణువులు దొరుకుతాయి. వాటిలోని యురేనియం ఒక నికరమైన వేగంతో సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. ఆ పొరల్లోని జంతువుల్నీ మన మాలేరి జంతువుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చి ఇక్కడి వయసు చెబుతారు. నేను సెమినరీలో డిప్లొమా చదివినవాణ్ణి. రాళ్ళ శాస్త్రం చదవలేదు. అందుకే రాళ్ళ సంగతి రాళ్ళు చదివినవాళ్ళని అడుగుతాను. కడుపునొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళే మనం, ఎముకల సంగతికి వచ్చేసరికి మైకు పట్టుకున్న ప్రతివాడూ పండితుడే అనుకోవడం ఏం న్యాయం?

ఇప్పుడు మీరు తప్పక వినవలసిన సంగతి. ఈ జంతువు పూర్తి పేరు పారాసూకస్ హిస్లాపి. ఈ హిస్లాప్ ఎవరో తెలుసా? ఒక మిషనరీ! రెవరెండ్ స్టీఫెన్ హిస్లాప్, స్కాట్లండ్ దేశస్థుడు, ఫ్రీ చర్చ్ మిషనరీ. 1845లో నాగపూర్ చేరాడు. సువార్త చెప్పాడు, బడి పెట్టాడు. ఆయన పేరుతోనే ఇప్పటికీ అక్కడ హిస్లాప్ కాలేజీ నడుస్తోంది. ఆయన చేసిన మరో పని మన సండే స్కూళ్ళలో ఎవరూ చెప్పరు. ఆ చుట్టుపక్కల రాళ్ళను పరిశీలించాడు, శిలాజాలు సేకరించాడు. తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ ప్రాంతపు భూగర్భం మీద రాసిన వ్యాసం లండన్ భూగర్భ శాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది. వాళ్ళు పంపిన ఒక పుర్రెను చూసి, రిచర్డ్ ఓవెన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు 1855లో దానికి బ్రాకియోప్స్ అని పేరు పెట్టాడు. మాలేరిలో దొరికిన ఒక చేప పళ్ళకు 1859లో ఓల్డ్‌హామ్ హిస్లాప్ పేరే పెట్టాడు. 1863 సెప్టెంబరులో, పాతకాలపు రాతి వలయాలను చూసి తిరిగి వస్తూ, పొంగిన వాగు దాటబోయి ఆ దైవసేవకుడు మునిగి చనిపోయాడు.

ఆయన చనిపోయిన ఇరవై రెండేళ్ళకు, 1885లో, రిచర్డ్ లైడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు మాలేరి ఎముకలను వర్ణిస్తూ ఈ జంతువుకు హిస్లాపి అని పేరు చేర్చాడు. ముందరి పేరు పారాసూకస్‌ను అంతకుముందే, 1870లో, పుట్టించినది థామస్ హక్స్‌లీ. ఆయన విశ్వాసి కాడు. దేవుడున్నాడో లేడో మనకు తెలియదనే వాదానికి ఇంగ్లీషులో పేరు పెట్టినవాడే ఆయన. చూడండి ప్రియులారా! ఒకే జంతువు మీద ఒక అవిశ్వాసి పెట్టిన పేరు, ఒక మిషనరీ పేరు పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఎముకలు ఎవరి పార్టీకీ చెందవు. నిజం అంటే అదే.

మరి సాతాను ఎముకలు పెట్టాడని బోధించే అన్నలను అడుగుతున్నాను. మీ మాట ప్రకారం ఆ మిషనరీ తన జీవితంలో అన్నేళ్ళు సాతాను పెట్టిన బొమ్మలను ఏరుకున్నాడా? ఇంకో మాట కూడా ఆలోచించండి. సృష్టించే శక్తి, భూమి పొరల్లో కోటానుకోట్ల జీవులను అమర్చే శక్తి సాతానుకు ఎప్పుడు వచ్చింది? భూమియు దాని సంపూర్ణతయు ఎవరివో ఇరవై నాలుగవ కీర్తన తెలిసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. దేవుని గొప్ప చేయబోయి సాతానును సృష్టికర్తను చేశారు మీరు. నా మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ దీన్ని ఇంకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇక శాస్త్రజ్ఞులకు తప్పులు లేవా? ఉన్నాయి. పారాసూకస్ కథలోనే ఒక పెద్ద తప్పుంది. లైడెక్కర్ ఒకే జంతువువి అనుకుని వర్ణించిన ముక్కల్లో రెండు జంతువుల ఎముకలు కలిసిపోయాయి. పుర్రె అడుగు భాగం అనుకున్నది నిజానికి హైపెరోడాపెడాన్ అనే మరో జంతువుది. అది చిలుక ముక్కులాంటి మూతితో మొక్కలు తినే జీవి. అదే మాలేరి మట్టిలో పక్కపక్కనే దొరకడంతో పొరపాటు పడ్డాడు.

తర్వాత ఏం జరిగిందో జాగ్రత్తగా చదవండి. 1950ల చివర్లో ప్రొఫెసర్ మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే ఆమె కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, మన కుర్రవాళ్ళకు ఈ పని నేర్పడం మొదలుపెట్టింది. వాళ్ళు మన గోదావరి లోయకు వచ్చి తవ్వారు. పూర్తి అస్థిపంజరాలే దొరికాయి. శంకర్ ఛటర్జీ అనే శాస్త్రజ్ఞుడు ఎముకలను పోల్చి చూసి, ఫలానా ముక్క పారాసూకస్‌ది కాదు అని అచ్చులో పెట్టి చెప్పాడు. 1978లో ఆ పూర్తి అస్థిపంజరాలను వర్ణించాడు. మొదటి ముక్కలతో ఈ జంతువును గుర్తుపట్టడమే కష్టమని తేలాక, జంతువుల పేర్ల మీద తీర్పు చెప్పే అంతర్జాతీయ కమిషన్ ముందుకు విషయం వెళ్ళింది. 2003లో తీర్పు వచ్చింది: ఇకమీదట ఈ పేరుకు ఆధారం ఆ పాత ముక్కలు కావు, కలకత్తాలో ఉన్న పూర్తి అస్థిపంజరమే. 2016లో మరికొందరు మళ్ళీ పరిశీలించి, జర్మనీలో, అమెరికాలో వేరే పేరుతో ఉన్న కొన్ని జంతువులు కూడా పారాసూకస్‌లే అని తేల్చారు.

1885 నుంచి 2016 దాకా నూట ముప్పై ఏళ్ళ పాటు ఒక చచ్చిన జంతువు పేరు విషయంలో నిజం తేలేదాకా వాళ్ళు వదల్లేదు. ఎముక ఎవరిదో, ఎక్కడ దొరికిందో, ఏ గదిలో ఏ నంబరుతో భద్రపరిచారో రాసిపెట్టారు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు, తప్పయితే తప్పని చెప్పవచ్చు. మన సంగతి? ఒక ఫార్వర్డ్ అబద్ధమని తేలాక, అయ్యో తప్పు పంపాను, క్షమించండి అని గ్రూపులో పెట్టినవాళ్ళు ఎంతమంది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, అదే ఫోటో మరుసటేడు మళ్ళీ పంపుతాం. పశ్చాత్తాపం గురించి బోధించేది మనం. దాన్ని అలవాటుగా పాటిస్తున్నది వాళ్ళు. ఇది మనకు సిగ్గు కలిగించే మాట. కలిగించాలి.

ఆ నెఫీలుల ఫోటో సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది ఫోన్లలో అది ఉంది. పెద్ద గోతిలో పెద్ద మనిషి అస్థిపంజరం, పక్కన చీమంత మనుషులు. 2000వ సంవత్సరంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్ అనే ఊళ్ళో మాస్టోడాన్ ఎముకలు తవ్వారు. మాస్టోడాన్ అంటే ఏనుగుకు దూరపు చుట్టం, అంతరించిపోయిన జంతువు. ఆ తవ్వకం ఫోటోను తీసుకుని, 2002లో ఒక కంప్యూటర్ బొమ్మల పోటీ కోసం ఒకతను మనిషి అస్థిపంజరాన్ని అందులో అతికించాడు. అది పోటీ బొమ్మ అని అందరికీ తెలిసే పెట్టాడు. తర్వాత అది ఊళ్ళమీద పడింది. ముస్లిం సోదరుల దగ్గర అది ఆద్ జాతివాడయింది. హిందూ సోదరుల దగ్గర ఘటోత్కచుడయింది. మన దగ్గరికి వచ్చేసరికి నెఫీలుడయింది. ఒకే బొమ్మ మూడు మతాలను నిరూపించిందంటే, అది దేన్నీ నిరూపించలేదని అర్థం కాదా? పైగా ఆ గోతిలో నిజంగా ఉన్నది దేవుడు చేసిన ఒక అద్భుతమైన జంతువు. దాన్ని చెరిపేసి, మనిషి అతికించిన బొమ్మకు హల్లెలూయ చెప్పాం. సృష్టిని మరచి కల్పనను ఘనపరచడాన్ని ఏమనాలో రోమా పత్రిక మొదటి అధ్యాయం చదివి మీరే చెప్పండి.

కొందరు విశ్వాసులకు నిజాయితీగా ఒక బాధ ఉంది. దాన్ని నేను ఎగతాళి చేయను. వాళ్ళ ప్రశ్న ఇది: ఆదాము పాపం చేయకముందు మరణం లేదు కదా, మరి అన్ని కోట్ల ఏళ్ళ కిందట ఆ జంతువులు ఎలా చచ్చాయి? పారాసూకస్ విషయంలో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వస్తుంది. మాలేరి పొరల్లో రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దొరికినప్పుడు, వాటి కడుపు ఉండే చోట ఇంకో చిన్న సరీసృపం ఎముకలు కనబడ్డాయి. దానికి మాలేరిసారస్ అని ఛటర్జీ 1980లో పేరు పెట్టాడు. అంటే అవి తిన్న చివరి భోజనం రాతిలో అలాగే ఉండిపోయింది. ఒక జీవి మరో జీవిని తిన్నది, తిన్నదీ చచ్చింది.

దీనికి నా జవాబు. రోమా ఐదో అధ్యాయంలో పౌలు మాట్లాడినది మనుష్యులందరికీ సంప్రాప్తమైన మరణం గురించి. మొసళ్ళ గురించి, చేపల గురించి అక్కడ ఒక్క మాటా లేదు. నూట నాలుగవ కీర్తనలో కొదమ సింహాలు వేట కోసం గర్జించి తమ ఆహారాన్ని దేవుని దగ్గరే అడుగుతున్నట్టు చెప్పబడింది. దాన్ని శాపంగా కాదు, దేవుని జ్ఞానంగా కీర్తనకారుడు స్తుతిస్తున్నాడు. యోబు ముప్పై తొమ్మిదో అధ్యాయంలో పక్షిరాజు పిల్లలు రక్తం పీల్చే సంగతి చెప్పింది సాక్షాత్తూ దేవుడే. ఆ నదిలో పారాసూకస్ తన ఎరను పట్టుకున్న రోజు దేవుడు సింహాసనం మీద లేడా?

భూమి వయసు ఆరువేల ఏళ్ళే అని నమ్మే పెద్దలు మన సంఘంలో ఉన్నారు. వారిని గౌరవిస్తాను. వారితో కలిసి ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటాను. అయితే ఒక్క సంగతి వారికి మనవి. క్రీస్తుకు పూర్వం 4004 అనే సంఖ్య వాక్యంలో లేదు. అది జేమ్స్ అషర్ అనే ఐర్లండ్ ఆర్చిబిషప్ 1650లో ప్రచురించిన లెక్క. తర్వాతి కాలంలో ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లో అచ్చు వేయడంతో చాలామంది దాన్ని లేఖనమే అనుకున్నారు. అంచులో రాసినదాన్ని లోపలి వాక్యంతో సమానం చేయకండి. మనం ప్రతి ఆదివారం చెప్పే విశ్వాస ప్రమాణంలో సృష్టికర్త ఉన్నాడు, సిలువ ఉంది, పునరుత్థానం ఉంది. భూమి వయసు లేదు. నా మటుకు, ఆ ఎముకలు చాలా ప్రాచీనమైనవన్న లెక్కను తోసివేయమని ఆజ్ఞాపించే వచనం నాకు కనబడలేదు.

ఆ ఎముకలు చూపించి దేవుడు లేడని యూట్యూబులో అరిచే అన్నలకూ ఒక మాట. ఎముక తాను ఏ జంతువుదో చెబుతుంది, ఏం తిన్నదో చెబుతుంది, ఎప్పుడు బతికిందో చెబుతుంది. దాన్ని చేసినవాడు లేడని ఏ ఎముకా చెప్పదు. మీరు కూడా రాతిలో లేనిదాన్ని చదువుతున్నారు.

అయినా ఈ రోజు నా పోరు వాళ్ళతో కాదు, మనతోనే. ఎందుకంటే నష్టపోతున్నది మన పిల్లలు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న ఆడపిల్ల, డిగ్రీకి హైదరాబాద్ వెళ్ళిన కుర్రాడు, మ్యూజియంలో నిజమైన ఎముకల ముందు నిలబడతారు. కళ్ళతో చూస్తారు. ఇవన్నీ ప్లాస్టరు అని చెప్పిన పాస్టరుగారు గుర్తొస్తాడు. అప్పుడు ఆ పిల్ల మనసులో పుట్టే ప్రశ్న ఎముకల గురించి కాదు: కళ్ళకు కనబడే దాని గురించే ఈయన అబద్ధం చెప్పాడే, మరి ఎవరూ చూడలేని ఖాళీ సమాధి గురించి ఈయన మాట ఎందుకు నమ్మాలి? సుమారు పదహారు వందల ఏళ్ళ కిందట అగస్టీన్ భక్తుడు ఆదికాండము మీద వ్యాఖ్యానం రాస్తూ సరిగ్గా ఈ ప్రమాదం గురించే హెచ్చరించాడు. ప్రకృతి సంగతులు తెలియకుండా క్రైస్తవుడు లేఖనం పేరుతో మాట్లాడితే, వినే అవిశ్వాసి పునరుత్థానాన్ని కూడా నవ్వి వదిలేస్తాడని ఆయన బాధ. అగస్టీన్‌కు వాట్సాప్ లేదు. మనకుంది. కాబట్టి మన బాధ్యత ఎక్కువ.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో, క్రీస్తు లేవకపోతే మేము దేవుని విషయమై అబద్ధపు సాక్షులమవుతామని భయపడ్డాడు. అంటే దేవుని పక్షాన చెప్పినా సరే, అబద్ధం అబద్ధమే అని అపొస్తలునికి తెలుసు. యోబు కూడా తన స్నేహితులను అదే నిలదీశాడు. పదమూడో అధ్యాయం ఏడు నుంచి పది వచనాలు ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదవండి. దేవుని వకాల్తా పుచ్చుకుని అన్యాయంగా వాదించేవాళ్ళను దేవుడే గద్దిస్తాడని అక్కడుంది. మన ప్రభువుకు దొంగ సాక్షులు అక్కర్లేదు. దొంగ సాక్షులను తెచ్చుకున్నది ఆయనకు శిక్ష వేసినవాళ్ళు.

కాబట్టి మన సంఘంలో ఈ మూడు పాటిద్దాం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరం లేని ఏ ఎముక ఫోటోనూ సంఘ గ్రూపులో పెట్టవద్దు, అది ఎంత పెద్ద దైవజనుడు పంపినా సరే. ఇప్పటికే పంపినవాళ్ళు, అది తప్పు అని అదే గ్రూపులో రాయండి. అది మీకు అవమానం కాదు, సాక్ష్యం. సండే స్కూల్ టీచరమ్మలు, పిల్లలు ఈ జంతువుల గురించి అడిగితే నోరు మూయించవద్దు. తెలియకపోతే తెలియదని చెప్పి, పుస్తకం వెతికి వచ్చే వారం చెప్పండి. మాలేరి రాళ్ళలో ఒక మిషనరీ పేరున్న జంతువు ఉందని చెప్పండి. వాళ్ళ కళ్ళు ఎలా వెలుగుతాయో చూడండి.

సత్యమై యున్న దేవుడు మన నోళ్ళను అబద్ధము నుండి కాపాడి, మన పిల్లల విశ్వాసమును స్థిరపరచును గాక. ఆమెన్.